మూడు గ్లాసుల పరీక్ష

మా తోడల్లుడు నన్ను బీరు యాత్రకు తీసుకెళ్ళింది నా మీద ప్రేమతో కాదు. కారు నడపడానికి తాగనివాడు ఒకడు కావాలి. కింది గది ఇవ్వనని భీష్మించుకున్నవాణ్ణి ఎలాగైనా మెత్తబరచాలి. రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయని అతని ఎత్తు.

మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె నా భార్య, చిన్నామె అతని భార్య. మామగారు పోతూ పోతూ మేడను ఇద్దరికీ ఉమ్మడిగా వదిలిపెట్టారు. పైన మేం ఉంటాం. ముందు గదిలో నేను బట్టలు కుడతాను, దాని వెనక దేవుడి గది. కింద మామగారి సైకిళ్ళ వర్క్‌షాపు. ఆయన పోయినప్పటి నుంచి దానికి తాళమే. రెండు కుటుంబాలూ ఒప్పుకుంటేనే ఆ తాళం తీయాలన్నది ఆయన ఆఖరి మాట. అందులో బ్రూపబ్ పెడతానని, అంటే బీరు అక్కడే కాచి అక్కడే పోస్తానని, మా తోడల్లుడు ఏడాదిగా నా ప్రాణం తోడేస్తున్నాడు. నేను ఒప్పుకోలేదు.

"కంటితో చూడకుండా వద్దనడం మొండితనం అన్నయ్యగారూ. నాలుగు చోట్లు తిప్పి చూపిస్తా, రండి," అన్నాడు.

"నరకం చూడకుండానే వద్దంటున్నాం కదా," అన్నాను.

మా ఆవిడ మధ్యలో వచ్చింది. "వెళ్ళి చూసి రండి. చూసొచ్చి వద్దనండి. అప్పుడు మా చెల్లి ముందు నేను తలెత్తుకుని మాట్లాడగలను."

అలా బయల్దేరాం. అతన్ని మా ఇంట్లో చాటుగా 'మీసం' అంటాం. చివర్లు మెలితిప్పి, పైకి లేపి, అద్దం కనిపించిన ప్రతిచోటా సవరించుకునే మీసం. మనిషి కంటే ముందు అది గుమ్మంలోకి వస్తుంది.

మొదటి బ్రూపబ్ ఒక పాత గోడౌను. ఎత్తైన కప్పు, గాజు గోడ వెనక స్టీలు ట్యాంకులు, పొడుగాటి బల్లలు. సర్వరు ఒక చెక్కపలక మీద చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టి తెచ్చాడు. ఒక చివర గడ్డి రంగు, రెండో చివర కాఫీ డికాక్షన్ రంగు. లేత రంగు నుంచి ముదురు రంగుకు రుచి చూస్తూ పోవాలట. తిరగేస్తే నాలుక మొద్దుబారుతుందట.

"సారుకి?" అన్నాడు సర్వరు నా వైపు చూసి.

"మంచినీళ్ళు."

"మా అన్నయ్యగారు పుణ్యాత్ములు. ఆ నీళ్ళు కూడా వడగట్టి ఇవ్వు," అన్నాడు మీసం.

సర్వరు నవ్వాడు. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు. మీసం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "నారింజ తొక్క. దాని వెనకాల దేవదారు చెక్క. అడుగున కొంచెం తేనె."

"మొత్తానికి పళ్ళ కొట్లో వడ్రంగి పని పెట్టుకున్నట్టుంది," అన్నాను.

"ఎగతాళి చేయండి. మీ నాలుక్కి ఇడ్లీ ముక్కకీ రంపపు పొట్టుకీ తేడా తెలియదు."

"నా నాలుకతో నాకు గొడవ లేదు. నీ నాలుకే మా మేడ కింద కాపురం పెడతానంటోంది."

ఇలా సాగింది మా ప్రయాణం. కానీ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను తూలే మనుషుల్నీ, బూతుల్నీ, పగిలిన సీసాల్నీ చూడబోతున్నాననుకుని వెళ్ళాను. అక్కడ ఒక ముసలాయన ఒకే గ్లాసు ముందు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఒక జంట గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు, ఇంట్లో ఉన్నా అదే చేసేవారు. ఇందులో పాపం ఎక్కడుందా అని నలుమూలలా వెతికాను. దొరకలేదు. దొరకనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

రెండో బ్రూపబ్‌కు చేరేసరికి అక్కడ బీరు కాస్తున్నారు. పెద్ద కాగు నుంచి ఆవిరి లేస్తోంది. తియ్యగా ఉన్నట్టే ఉండి గొంతులో చేదుగా దిగే వాసన. మీసం లోపల కూర్చుని పలక తెప్పించుకున్నాడు. నేను గాలి కోసం వెనక వైపు వెళ్ళాను. అక్కడ పై అంతస్తుకు ఇనుప మెట్లు. మెట్ల మీద ఒకావిడ దండెం మీది బట్టలు తీస్తూ, ప్రతిదీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి బుట్టలో విసురుతోంది.

"ఏంటలా చూస్తున్నావ్? తాగి దారి తప్పావా?" అంది.

"తాగలేదమ్మా."

"ఇక్కడికొచ్చే ప్రతివాడూ ఆ మాటే అంటాడు."

"పైన మీరే ఉంటారా?"

"ఉంటాను. ఏం, కొంటావా?"

"వాళ్ళు కాచిన రోజున వాసన పైకి వస్తుందా అని అడుగుదామని..."

ఆమె బుట్టలోకి వంగింది. దిండు గలీబు ఒకటి నా మీదికి విసిరింది. పట్టుకుని వాసన చూశాను. ఉతికిన బట్ట, ఎండిన బట్ట. అయినా నూలు పోగుల మధ్య గంజీ తడి గడ్డీ కలిసిన వాసన కూర్చుని ఉంది. గుడ్డతోనే బతికేవాణ్ణి. పైకి అంటిన వాసనకూ, ఇంకిన వాసనకూ తేడా తెలియనివాణ్ణి కాను.

"ముందు సరదాగానే ఉండింది," అంది ఆమె, గలీబు లాక్కుంటూ. "ఇప్పుడు మా ఇంట్లో ఏం వండినా వాళ్ళు వండినట్టే ఉంటుంది. వెళ్ళు, వెళ్ళి తాగు."

ఆ సాయంత్రం మూడో ఊరు చేరాం. లాడ్జిలో ఒకటే గది దొరికింది. ఉన్నది ఒకటే బల్ల, దానిపైన గోడకు ఒకటే కొక్కెం. మీసం తన కొత్త చొక్కా ఆ కొక్కేనికి తగిలించాడు. మర్నాడు అతనికి అసలు పని ఉంది. ఆ ఊరి బ్రూపబ్‌లో బీరు కాచే ఆవిడ పేరుమోసిన మనిషి. యజమానితో చెడి మానేస్తోందని తెలిసింది. ఆమె వచ్చి తనతో పనిచేస్తానంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే నడుస్తాయని మీసం నమ్మకం. ఆమె లేకపోతే తన బ్రూపబ్ కూడా లేదని అతనే అన్నాడు.

పొద్దున్నే లేచి స్నానం చేశాను. బల్ల మీద దేవుడి పటం పెట్టి, ఇంట్లో చేసినట్టే అగరువత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకున్నాను. మీసం ఇంకా గురక పెడుతున్నాడు. కిటికీ చలికి బిగించి ఉంది.

మేం బ్రూపబ్‌కు వెళ్ళేసరికి ఆ బీరు కాచే ఆవిడ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, నీళ్ళ గొట్టంతో నేల కడుగుతూ కనిపించింది. మమ్మల్ని చూసి గొట్టం ఆపలేదు. నేనైతే ఆమెకు మనసులోనే 'బూట్లావిడ' అని పేరు పెట్టేశాను.

"బీరు కాయడమంటే కడగడం," అంది. "సగం దినం కడుగుతాను, మిగతా సగం ఎవడైనా ముట్టుకుంటాడేమోనని కాపలా కాస్తాను. నీ దగ్గర గది ఉందంటున్నావు, సంతోషం. ముక్కు ఉందా?"

"ఉంది మేడమ్," అన్నాడు మీసం.

"చూద్దాం."

అది వాళ్ళ పనిలో పరీక్షట. మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకటే బీరు, మూడో దాంట్లో వేరే బీరు. రంగు ఒకటే, నురగ ఒకటే. వేరేది ఏదో చెప్పాలి, అంతే. ఆమె గ్లాసులు పెట్టి, మీసానికి దగ్గరగా వచ్చి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏంటీ వాసన? గుళ్ళోంచి వస్తున్నావా, పెళ్ళిలోంచి వస్తున్నావా?"

మీసం చొక్కా వాసన చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

"నువ్వు పక్కన నిలబడితే నా ట్యాంకు వాసన నాకే తెలియట్లేదు. ఆ మీసం నిండా పొగే," అంది ఆమె.

"ఒక్కసారి ప్రయత్నిస్తాను మేడమ్."

మూడు గ్లాసులూ ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. మధ్యది అన్నాడు. తప్పు.

"రేపు పొద్దున రా. ఇంకొక్కసారి చూస్తా. సబ్బుతో తోముకుంటావో, ముక్కు కోసి కొత్తది పెట్టుకుంటావో నీ ఇష్టం. మళ్ళీ ఇలా కంపుకొడుతూ వస్తే గుమ్మం ఎక్కనివ్వను."

బయటికి రాగానే అతను కారు తలుపు ధడేల్న వేశాడు.

"కావాలని చేశారు."

"నేను రోజూ చేసేదే చేశాను."

"నా చొక్కా కిందే పెట్టి చేశారు."

"గదిలో ఉన్నది ఒకటే బల్ల. చొక్కా తగిలించింది నువ్వు."

"ఎంత బాగా పనికొచ్చాడండీ మీ దేవుడు! నోరు విప్పక్కర్లేదు, చెయ్యి ఎత్తక్కర్లేదు. పుల్ల వెలిగిస్తే చాలు, ఎదుటివాడి బతుకు బుగ్గి."

"నోరు అదుపులో పెట్టుకో."

"ఏం, పెట్టుకోకపోతే ఇంకో నాలుగు వెలిగిస్తారా?"

అతను లాండ్రీ వెతుక్కుని చొక్కా ఇచ్చి వచ్చాడు. నేను కారులో కూర్చున్నాను. అతనన్న మాట అబద్ధం. నేను కావాలని చేయలేదు. ఆ సంగతి దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. కానీ ఒకటి మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది. అతను తప్పు చెప్పినప్పుడు నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలో నేను మనసులోనే పటానికి దణ్ణం కూడా పెట్టాను. ఆ దణ్ణం ఎవరికి పెట్టినట్టు?

మర్నాడు నేను స్నానం చేసి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాను. మీసం స్నానాల గదిలో ఉన్నాడు. చొక్కా కవరులో మూటగట్టి, దాన్ని మంచం కిందికి తోశాడు. అయినా ఏం లాభం? గది చిన్నది. నేను పుల్ల గీస్తే పొగ అతని జుట్టుకు పడుతుంది, చర్మానికి పడుతుంది. నన్నెవరూ తప్పు పట్టలేరు. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క రోజు కూడా దేవుడికి అగరువత్తి మానలేదని మా ఆవిడే సాక్ష్యం చెబుతుంది.

అగరువత్తి ఒక చేత్తో, అగ్గిపెట్టె రెండో చేత్తో పట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది.

ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చాడనుకున్నాను. మీసం లేదు. నున్నగా గీసేశాడు. దాని కింద పెదవి తెల్లగా, ఎండ ఎరగనట్టు, పసిపిల్లాడి పెదవిలా ఉంది. ఏళ్ళ తరబడి నూనె రాసి పెంచుకున్నది, పెళ్ళి పీటల మీద మా మరదలు చూసి నవ్వినా తీయనిది, ఒక వాసన కోసం తీసేశాడు.

అతను నా చేతుల వంక చూశాడు.

"వెలిగించండి అన్నయ్యగారూ. ఆగిపోయారేం? దేవుడి పేరు చెప్పి నా నోట్లో మట్టి కొట్టండి. మీకు పుణ్యం, నాకు మట్టి."

ఆ మాట అని, తడి తలతోనే చలిలో వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

నా చేతిలో ఉన్న అగరువత్తి ఎప్పటి అగరువత్తే. నిన్నటి దాకా అది దేవుడిది. ఇవాళ వెలిగిస్తే ఎవరిది అవుతుంది? దేవుడి కోసం వెలిగించానని నేను అనుకోవచ్చు. నిన్న నాకు వేసిన సంతోషాన్ని చూసినవాడు అనుకుంటాడా? ఒకవేళ వెలిగించకపోతే, ఇన్నేళ్ళ నియమం ఒక బీరు గ్లాసు కోసం తప్పినట్టే కదా? రెండు వైపులా తప్పే కనిపించింది. చాలాసేపు నిలబడ్డాను. చివరికి అగరువత్తిని డబ్బాలో పెట్టి, డబ్బాను సంచి అడుగున పెట్టి, చేతులు జోడించాను. ఇవాళ్టికి సర్దుకో స్వామీ అని మాత్రం అన్నాను.

కిందికి దిగి, నా కారులో డాష్‌బోర్డు మీది అగరువత్తుల స్టాండు తీసి డిక్కీలో పెట్టాను. తడిగుడ్డతో సీట్లు తుడిచాను. అద్దాలన్నీ దించి పెట్టాను. కారులో కూడా రోజూ వెలిగిస్తాను కదా, ఆ వాసన పోవాలి.

అతను వచ్చి కూర్చున్నాడు. కారు కదిలింది. చలిగాలి చెంపల మీద కొట్టింది.

"ఇప్పుడు జలుబు చేయించాలనా?" అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. "నిన్న పొగ, ఇవాళ గాలి. ఇంకా నీళ్ళూ నిప్పూ మిగిలాయి."

నేను వేగం కాస్త తగ్గించాను. అద్దాలు ఎందుకు దించానో చెప్పినా నమ్మే స్థితిలో లేడు.

బూట్లావిడ ముందు అతన్ని, తర్వాత నన్ను వాసన చూసింది. కుక్క చూసినట్టు చూసింది, మొహమాటం లేదు. "ఊ," అంది. "నువ్వు మాత్రం తలుపు అవతల ఉండు," అని నన్ను గెంటింది. గాజు తలుపు కొంచెం తెరిచే ఉంది. మూడు గ్లాసులు పెట్టింది. అతను ఎత్తి, వాసన చూసి, చుక్క నోట్లో పోసుకుని, దించాడు. ఈసారి దేవదారు లేదు, నారింజ లేదు.

"మూడోది. కొంచెం వెన్న వాసన. తొందరపడి ట్యాంకులోంచి ముందే తీసేసినట్టున్నారు."

"అటు తిరుగు," అంది ఆమె. గ్లాసులు తారుమారు చేసింది. "ఇప్పుడు?"

"మొదటిది."

ఆమె గొట్టం పక్కన పెట్టింది. ఆమె గొట్టం వదలడం నేను చూసింది అప్పుడే. "మీసం గీసుకుని వచ్చావు. తిక్క ఉన్నవాడివే. వస్తాను. గది ఎలాంటిది?"

అతను నన్ను లోపలికి పిలిచాడు. ముందు రోజు నుంచి నన్ను దెప్పకుండా మాట్లాడటం అదే. "అన్నయ్యగారే చెప్పాలి. పైన ఉండేది ఆయనే."

"నేల వాలు ఎటు?" అని అడిగింది ఆమె.

"వెనక్కి. మామగారు సైకిళ్ళు కడిగేవారు, కాలువ ఉంది."

"కప్పు?"

"ఎత్తే. చెక్క దూలాలు. మధ్యలో సందులున్నాయి. కింద దగ్గితే పైన వినిపిస్తుంది."

"బాగుంది. ఎప్పుడు రమ్మంటావు?"

"రావద్దు. నేను ఆ గది ఇవ్వను," అన్నాను.

అతని ముఖం ఎర్రబడింది. మీసం లేని ముఖంలో కోపం దాక్కోవడానికి చోటు లేదు.

"అయితే నా రెండు పొద్దులు ఎందుకు తిన్నార్రా మీరిద్దరూ?" అని ఆమె గొట్టం మళ్ళీ అందుకుంది. నీళ్ళు సూటిగా మా కాళ్ళ మీదికే వచ్చాయి. ఆమె తరమకపోయినా మేం వెళ్ళేవాళ్ళమే. తడిసిన చెప్పులతో వెళ్ళాం, అంతే తేడా.

కారు దగ్గర అతను నా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దున ఆ పుల్ల వెలిగించి ఉంటే సరిపోయేదిగా! నేనే ఓడిపోయేవాణ్ణి, మీ చేతికి మట్టి అంటేది కాదు. నన్ను గెలవనిచ్చి మరీ తన్నడమెందుకు?"

"వెలిగిస్తే నువ్వు నీ ముక్కునే తిట్టుకుంటూ బతికేవాడివి. నీ ముక్కు మంచిదే. వద్దంటున్నది నేను. తిట్టదలిస్తే నన్ను తిట్టు."

"తిడతాను. మీ అనుమతి అక్కర్లేదు. అసలు ఎందుకు వద్దు? తాగడం పాపమనా?"

"అనే అనుకుని వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను."

"మరి?"

"నిన్న నా పొగ నీ గ్లాసులోకి వచ్చింది. నువ్వు ఓర్చుకోగలిగావా? రేపు నీ ఆవిరి నా దేవుడి గదిలోకి వస్తుంది. నేను కుట్టే ప్రతి జాకెట్లోకీ వస్తుంది. ఒక పూటకే మనం ఇలా అయ్యాం. ఒకే మేడలో రోజూ అయితే మన ఆడవాళ్ళు కూడా మాట్లాడుకోవడం మానేస్తారు. ఇంకెక్కడైనా పెట్టుకో, అడ్డం రాను. నా దేవుడి గది కింద మాత్రం వద్దు."

"ఇంకెక్కడైనా! నాకు ఊరంతా మేడలు రాసిచ్చారు మరి మా నాన్న."

నేను కారు తాళం తీశాను.

అతను ముందు సీటు తలుపు తెరవలేదు. వెనక తలుపు తెరిచి, వెనక సీట్లో మధ్యగా, కాళ్ళు బారజాపి కూర్చున్నాడు.

"పోనివ్వు డ్రైవరూ," అన్నాడు.

ఇన్నేళ్ళలో నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. నేను బండి తీశాను. అద్దాలు ఎక్కించుకున్నాడు. దారిలో మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. సర్వరు మీరిద్దరూ కలిసే వచ్చారా అంటే, "లేదు, అతను డ్రైవరు," అన్నాడు.

ఊరు దగ్గరపడుతుండగా వెనక నుంచి మాట వచ్చింది.

"పొద్దున అద్దాలు దించింది... కారులో అగరువత్తుల వాసన పోవడానికా?"

"ఊ."

అద్దంలో చూస్తే అతను పై పెదవి మీద వేలు రాసుకుంటున్నాడు, అక్కడ ఇంకా ఏదో ఉన్నట్టు.

"అయినా క్షమించను," అన్నాడు.

"సరే."

వాళ్ళింటి ముందు దిగి, కారు తలుపు వేయకుండానే వెళ్ళిపోయాడు. మరదలు గుమ్మంలోకి వచ్చి భర్తను చూసి, నోటి మీద చెయ్యి వేసుకుని, "బావగారూ, ఈయనకేమైంది?" అని నన్ను అడిగింది. అడగాల్సింది నన్ను కాదని చెప్పి, నేను దిగి తలుపు వేసుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడ కాళ్ళకు నీళ్ళిస్తూ, "చూశారా? ఏమన్నారు?" అంది.

"చూశాను. వద్దన్నాను."

ఆమె నా చొక్కా వాసన చూసింది. "ఇదేంటి, అగరువత్తి వాసనే లేదు?"

కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్ళాను. సంచి అడుగు నుంచి డబ్బా తీసి, పొద్దున వెలిగించని ఆ అగరువత్తిని వెతికాను. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఏది అదో తెలియలేదు. ఒకటి తీసి వెలిగించాను.